ఆరుద్ర పురుగు కాళ్ళెందుకు ముడుచుకుంటుంది?

ఒకప్పుడు ఆరుద్ర పురుగు ఎర్రగా ఉండేది కాదు. మఖమల్ గుడ్డలా మెత్తగానూ ఉండేది కాదు. బియ్యపు నూకలా తెల్లగా, నున్నగా, చెప్పుకోవడానికి ఏమీ లేకుండా ఉండేది. అసలు దానికి పేరే లేదు. మన్ను కింద తిరిగే పురుగుల్లో అదొకటి, అంతే.

పేరు లేకపోయినా దానికి దిగుల్లేదు. పిలిచేవాళ్ళుంటే కదా పేరుతో పని! దాని దిగులల్లా వేరే. మన్ను కింద అందరికీ ఏదో ఒక పనుంది. వానపాము మట్టిని గుల్ల చేస్తుంది. చీమలు గింజలు మోస్తాయి. పేడపురుగు పేడ ఉండలు దొర్లిస్తుంది, పైగా రాజ్యమేలుతున్నంత గొప్పగా దొర్లిస్తుంది. మన పురుగుకి మాత్రం ఏ పనీ రాదు. రెక్కల్లేవు, పాట లేదు, కనీసం కుట్టడం కూడా చేతకాదు.

ఒకరోజు అది గండుచీమని అడిగింది: "నేనెందుకు పుట్టానంటావు?"

"నా దారికి అడ్డం రావడానికి," అంది గండుచీమ. "జరుగు, జరుగు!"

పాపం, జరిగింది.

ఆ పురుగు ఉండే చేను సుంకులమ్మ అనే ఆమెది. వరసగా రెండేళ్ళు ఆమె ఇంటికి పంట రాలేదు. ఎందుకో చెప్తా వినండి. ఆ రోజుల్లో గింజలకి భలే తొందర. నెత్తిమీద నాలుగు చినుకులు పడితే చాలు, "వానొచ్చిందోయ్!" అంటూ మొలకెత్తేసేవి. అది దారినపోయే ఎండాకాలపు మబ్బు అయితే మర్నాటికి జాడ ఉండేది కాదు. లేత మొలకలన్నీ ఎండకి మాడిపోయేవి.

ఈసారి సుంకులమ్మ పొడి దుక్కిలోనే విత్తనం వేసింది. వేసి, మట్టిని అరచేత్తో మెల్లగా నొక్కి, వంగి గింజలతో మాట్లాడింది.

"తల్లుల్లారా, కుండలో ఇంక ఒక్క గింజ ల్యాదు. ఉండేదంతా మీకే ఇచ్చినా. ఈ తూరి తొందరపడొద్దండి. నా బిడ్డల కడుపులు మీ చేతుల్లో ఉండాయి."

మన్ను కింద గింజలన్నీ ఆ మాట విన్నాయి. విని భయపడ్డాయి.

"చీకట్లో ఉన్నాం. దొంగవానేదో, అసలు వానేదో మాకెలా తెలుస్తుంది? చినుకు చప్పుడు ఏదైనా ఒకటే కదా!" అని గోల పెట్టాయి.

వాటిలో ఒక చిట్టి సజ్జగింజ ఉంది. అది మన పురుగు పక్కనే వచ్చి పడింది. వణుకుతూ, "అక్కా, నీ పక్కన పడుకోనా?" అంది.

అక్కా! ఆ పురుగుని ఎవరైనా ఏదైనా వరస పెట్టి పిలవడం అదే మొదటిసారి. దాని మనసు కరిగిపోయింది.

"భయపడకు చిన్నీ. నేను పైకెళ్ళి చూసొస్తా," అంది.

గండుచీమ పడీపడీ నవ్వింది. వానపాము మాత్రం కంగారుపడింది. "ఒసే పిచ్చిదానా, పైన రోహిణి కార్తె ఎండే! నేనైతే తల బయటపెట్టగానే ఎండి పుల్లనైపోతా. నువ్వెందుకు పోవడం?"

"ఎవరో ఒకరు పైన ఉండాలి కదా అత్తా," అంది పురుగు. తర్వాత గింజలకి చెప్పింది: "చినుకుల చప్పుడు నమ్మొద్దు. అసలు వాన వచ్చినప్పుడు మీ నెత్తిమీద నేను నడుస్తా. నా అడుగులు వినబడితేనే లేవండి."

అలా చెప్పి పైకెళ్ళింది.

అబ్బ, ఏం ఎండ! మట్టి పెనంలా కాలుతోంది. కాస్త దూరంలో ఒక తుమ్మచెట్టు, దాని కింద ఇంత నీడ. పురుగు నీడ వైపు రెండడుగులు వేసిందో లేదో, కిందనుంచి సజ్జగింజ గొంతు వినిపించింది.

"అక్కా, నడుస్తున్నావా? మమ్మల్ని లేవమంటావా?"

పురుగు ఉన్నచోటే ఆగిపోయింది. నడిస్తే గింజలు లేస్తాయి. లేస్తే మాడిపోతాయి. అంటే నీడలోకి కూడా పోకూడదన్నమాట!

"ఇంకా లేదు చిన్నీ, పడుకో," అంది. ఎనిమిది కాళ్ళూ పొట్ట కిందికి ముడుచుకుని ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

దాని తెల్లటి ఒళ్ళు ముందు గులాబీ రంగుకి తిరిగింది. ఆ తర్వాత కందిపోయి ఎర్రబడింది. చూడలేక సూర్యుడే పలకరించాడు.

"ఏయ్ చిట్టిదానా! చెట్టు కిందికి పోరాదూ? నీమీద నాకేం పగ లేదు. కానీ ఈ రోజుల్లో మండకుండా ఉండటం నా వల్ల కాదు."

"నేను కదిలితే కింద పిల్లలు లేస్తారు తాతా," అంది పురుగు. "మీ పని మీరు కానివ్వండి. నా పని నేను చేసుకుంటా."

నా పని! ఆ మాట దాని నోట్లోంచి వచ్చాక దానికే ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్ళకి దానికీ ఒక పనుంది. కాలిన ఒంటితోనే కాస్త నిటారుగా కూర్చుంది.

ఒక తొండ వచ్చింది. తల ఊపుకుంటూ చుట్టూ తిరిగి నోరు తెరిచింది. పారిపోతే ప్రాణం దక్కుతుంది, కానీ పారిపోవాలంటే అడుగులు వెయ్యాలి కదా! పురుగు కాళ్ళు ఇంకా గట్టిగా ముడుచుకుంది. తొండ దాన్ని నోట కరుచుకుంది.

"థూ! మాడు కంపు," అని తొండ దాన్ని ఉన్నచోటే ఉమ్మేసి పోయింది.

ఆ తర్వాత ఒక డాబుసరి మబ్బు వచ్చింది. వస్తూనే ఉరుములు, మెరుపులు, పెళ్ళి ఊరేగింపంత హడావిడి. టపటపా నాలుగు చినుకులు రాల్చింది. మట్టి వాసన గుప్పుమంది.

"ఇంకా కూర్చునే ఉన్నావేం? నేనొచ్చాను కనబడటంలా? నడు, లేపు వాళ్ళని!" అంది మబ్బు.

పురుగు చప్పుడు కాకుండా ఒక కాలు విప్పి మట్టిలో గుచ్చి చూసింది. పైపైన తడి. ఆ కింద వేడి దుమ్ము.

"లోపలిదాకా తడవలేదు, పదును కాలేదు," అంది. "రేపు కూడా వస్తారా అమ్మా?"

"రేపా? రేపటి సంగతి నాకేం తెలుసు!"

"అయితే నేను నడవను."

మబ్బుకి ఎంత కోపమొచ్చిందో! మూతి ముడుచుకుని పక్క చేలమీదికి పోయింది. ఆ చేలల్లో గింజలు ఎగిరి గంతేసి మొలకెత్తాయి. మర్నాడు ఎండెక్కేసరికి ఒక్క మొలక మిగల్లేదు. వాటి ఏడుపు మన్ను కింద అందరికీ వినిపించింది.

"అక్క మనల్ని కాపాడింది," అంది సజ్జగింజ. ఈసారి గండుచీమ నవ్వలేదు.

రోహిణి పోయింది. మృగశిర పోయింది. ఆరుద్ర కార్తె వచ్చింది. దానితో వాన వచ్చింది. ఆ వానకి డాబులేదు, దర్పంలేదు. పొద్దున మొదలుపెట్టి, చెప్పిన పని చేసే మనిషిలా ఆగకుండా కురిసింది.

పురుగు కాలు గుచ్చి చూసింది. చల్లగా ఉంది. ఇంకా లోపలికి గుచ్చింది. అక్కడా చల్లగానే ఉంది. "పదునైంది!" అని అరిచింది.

లేచి నడవబోయింది. కాళ్ళు రాలేదు! ఇన్నాళ్ళు ముడుచుకుని ఎండలో ఉంటే కొయ్యబారిపోవూ మరి? గుచ్చిన కాలు తప్ప మిగతావి పొట్టకి అతుక్కుపోయాయి.

కిందేమో నీళ్ళు నిండుతున్నాయి. ఇంకాసేపు అలాగే ఉంటే గింజలు కుళ్ళిపోతాయి. అయినా ఒక్కటీ లేవలేదు. "అక్క ఇంకా నడవలేదు, మనం లేవకూడదు," అంటోంది సజ్జగింజ తడిసి ముద్దవుతూ.

ఆ మాట పురుగు చెవిన పడింది. పంటి బిగువున రెండో కాలు లాగింది. ప్రాణం పోయినంత నొప్పి. మూడోది లాగింది. ఎనిమిదీ విడిపించుకుంది. ఏడుస్తూనే ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది.

"అక్క నడుస్తోంది! లేవండ్రోయ్!" అని మన్ను కింద కేక.

వాన తెరిపిచ్చాక సుంకులమ్మ పరుగున వచ్చింది. చేనంతా పచ్చటి మొలకలే! వాటి మధ్య కుంకుమ బొట్టంత ఎర్రటి పురుగు ఒకటి, చేను గల ఆసామిలా సాలు సాలూ తిరిగి చూసుకుంటోంది. అది ముందు వెళ్తుంటే వెనకాలే మొలకలు తల ఎత్తుతున్నాయి.

సుంకులమ్మకి సంగతంతా అర్థమైంది. దాన్ని అరచేతిలోకి తీసుకుంది. "ఓసి నా బంగారుతల్లీ! నా బిడ్డలకి కూడు పెట్టింది నువ్వా!" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఊళ్ళోవాళ్ళని పిలిచి, చెయ్యెత్తి చూపించింది. "సూడండబ్బా! ఆరుద్ర వానని వెంటబెట్టుకొచ్చింది. ఇది మా ఆరుద్ర పురుగు!"

అదిగో, పేరొచ్చింది! గండుచీమ దారి పక్కకి జరిగి నిలబడింది. "ముందు మీరు వెళ్ళండి ఆరుద్రమ్మగారూ," అంది. చెప్పొద్దూ, ఈ ముక్క చెప్పేటప్పుడల్లా నా ఛాతీ కూడా పొంగుతుంది.

చిట్టి సజ్జగింజ పెరిగి పెద్దదై కంకి వేసింది. "అక్కా, నా కోసం నీ ఒళ్ళు కాలింది," అంటూ తన కంకిమీది మొదటి నూగంతా దానిమీద రాల్చింది. ఆ నూగు కాలిన ఎర్రటి ఒంటికి మెత్తగా అతుక్కుంది. రాజులకి కూడా లేని మఖమల్ చొక్కా అయింది.

అప్పటినుంచే ఆరుద్ర పురుగు ఎర్రటి మఖమల్ తొడుక్కుని తొలకరి వానల్లో చేలో తిరుగుతుంది, రైతులు దాన్ని చూసి, వాన కుదిరిందని సంబరపడతారు. మీరు వేలితో తాకితే అది కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. భయంతో అనుకునేరు, కాదు! తన కింద ఏ చిట్టి గింజ పడుకుని ఉందోనని ఈనాటికీ దాని జాగ్రత్త.