నూకాలు వెన్న తీసిన రోజు

అనగనగా ఏటి ఒడ్డున ఓ ఊరుందర్రా. ఆ ఊళ్ళో గవర్రాజని ఓ రైతు. పెళ్ళాం జ్వరమొచ్చి పోతే ఇద్దరు పిల్లలతో మిగిలాడు పాపం. పెద్దాడు బుల్లియ్య, చిన్నది నూకాలు. తల్లి పోయిన రోజునుంచీ నూకాలు నోరు విప్పలేదు. పెడితే తినేది, పిలిస్తే చూసేది. మాట మాత్రం లేదు. ఊ కొడుతున్నారా?

సరే, గవర్రాజు మన్యం వైపునుంచి సన్యాసమ్మని మారుమనువు చేసుకుని తెచ్చుకున్నాడు. సవతి తల్లనగానే మొహాలు అలా పెట్టకండి, ఈవిడ మంచిదే. పిల్లకి జడ వేసేది, పక్కలో పడుకోబెట్టుకునేది. అయినా పిల్ల పలకదు. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? గాలి సోకిందన్నారు, దెయ్యం పట్టిందన్నారు, పక్కూరి భూతవైద్యుణ్ణి పిలవమన్నారు. ఆయన వేపమండలతో కొడతాడట, వాతలు పెడతాడట. గవర్రాజు బెంగకొద్దీ సరేనని ఆయన కోసం బయల్దేరాడు. సన్యాసమ్మ గుండెల్లో రాయి పడింది. వద్దంటే, సవతి తల్లికి పిల్ల బాగుపడ్డం ఇష్టం లేదంటారు. ఊరుకుంటే ఆ పసిదాని ఒంటిమీద వాతలు.

ఏం చెయ్యాలో తోచక పెరుగుకుండ ముందేసుకుంది. పిల్లల్ని చెరో పక్కనా కూర్చోబెట్టుకుంది. కవ్వానికి తాడు చుట్టి తనోసారి లాగింది, బుల్లియ్య ఓసారి లాగాడు, నూకాలు ఓసారి లాగింది. నురుగొచ్చింది, నురుగొచ్చింది గానీ వెన్న రాలేదు. మళ్ళీ తను లాగింది, మళ్ళీ వాడు లాగాడు, మళ్ళీ పిల్ల లాగింది. చేతులు నొప్పెట్టాయి, నొప్పెట్టాయి గానీ వెన్న రాలేదు.

మండుటెండల రోజులవి. సన్యాసమ్మ పుట్టింటివైపు చలెక్కువ, అక్కడ వెన్న రాకపోతే వేణ్ణీళ్ళు పోస్తారు. ఆ అలవాటుకొద్దీ పొయ్యిమీది వేణ్ణీళ్ళు చెంబుతో తెచ్చి కుండలోకి వంచబోయింది. ఓ చిన్న చెయ్యి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు పిన్నీ, కరిగిపోద్ది. అమ్మ చన్నీళ్ళు పోసేది."

బుల్లియ్య కవ్వం వదిలేసి చెల్లెలి వంక చూశాడు. సన్యాసమ్మ వాణ్ణి ఊరుకోమని కళ్ళతోనే సైగ చేసింది. ఇప్పుడు గోల చేస్తే పిల్ల బెదిరిపోతుందేమోనని భయం. చెంబు పక్కన పెట్టి, మామూలుగానే అడిగింది.

"ఎన్ని పోసేదమ్మా?"

"కాసినే. పోస్తా పోస్తా మెల్లిగా తిప్పేది."

"అయితే నువ్వే పొయ్యి."

నూకాలు మంచినీళ్ళ కుండలోంచి ముంచుకొచ్చి పోసింది. సన్యాసమ్మ తిప్పింది. కాసేపటికి నురుగు విరిగింది, తెల్లగా రవ్వలు తేలాయి, రవ్వలన్నీ ఒకచోట చేరి ముద్దయ్యాయి. పిల్ల ఆ ముద్ద తీసి, చన్నీళ్ళలో కడిగి, ముందు అన్నకి పెట్టింది, తర్వాత పిన్నికి పెట్టింది. అప్పుడు ఏడ్చింది. అమ్మ కావాలని గట్టిగా ఏడ్చింది. సన్యాసమ్మ ఊరుకోమనలేదు, ఒళ్ళోకి తీసుకుని తనివితీరా ఏడవనిచ్చింది.

గవర్రాజు భూతవైద్యుణ్ణి వెంటబెట్టుకొచ్చేసరికి పిల్ల మూతినిండా వెన్న.

"నాన్నా, చల్ల తాగుతావా?" అంది.

ఆయన అరుగుమీద అలాగే కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. భూతవైద్యుడికీ ఓ చెంబుడు చల్ల ఇచ్చి సాగనంపారు. తాగి, బాగుందనే అన్నాడట.

కాబట్టి ఎవరైనా మాట్లాడకపోతే కసురుకోకండర్రా. పక్కన కూర్చోబెట్టుకుని చేతికో పనివ్వండి, మాట వచ్చినప్పుడే వస్తుంది. ఇంక కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.