రాతిమేడకు చెవి, నేలమాళిగకు నోరు

మీ మేడలో ఫోను పలకని మూల ఏది? ఆ మూలలో ఉండేది ఎవరు? ఎప్పుడైనా వెళ్లి చూశారా? చూడలేదు కదా! అయితే వినండి.

అనగనగా, ఫోన్లు అడవిదాకా వచ్చేసిన కాలంలో, ఒక కొండ. ఆ కొండను తొలిచి జంతువులన్నీ కలిసి కట్టుకున్న రాతిమేడ. పై అంతస్తులో సింహరాజు గర్జనకేతు. అట్టడుగున, నేలమాళిగలో, ముంగిస మరువమ్మ, ఆమె చంటిబిడ్డ.

గోడలు ఎంత మందమంటే ఏనుగు ఆనుకున్నా కదలవు. ఫోను మాట కూడా లోపలికి రాదు. బిడ్డకేమో ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడల్లా మరువమ్మ వాణ్ణి ఒంటరిగా వదిలి, డాబా మీదికి పరుగెత్తి, ఏటి అవతలి కొంగ డాక్టరుకు ఫోను చెయ్యాలి. తిరిగి మెట్లు దిగేసరికి వాడు ఎలా ఉంటాడోనన్న భయం ఆమెను నిలువునా తినేసేది.

జంతువులన్నీ గొంతు కలిపి గట్టిగా అడిగాక రాజు ఒప్పుకున్నాడు. ఫోను టవరు వాళ్ల అనుమతితో, సిగ్నలును పెంచే బూస్టరు పెట్టె వచ్చింది. బిగించడానికి వడ్రంగిపిట్ట చిత్రచంచు వచ్చింది. ఆహా, ఏం పనిమంతురాలు! ముక్కుతో టకటకా కొట్టిందంటే రాతిలో తీగ పట్టే కన్నం నున్నగా తేలాల్సిందే.

డాబా మీద ఒక ఆంటెన్నా నిలబెట్టి టవరు వైపు తిప్పింది. "ఇది మేడకు చెవి. దూరపు మాట వింటుంది. ఈ పెట్టె ఆ మాటను పెద్దది చేస్తుంది. లోపల పెట్టే ఆంటెన్నా నోరు. అది గదులకు చెబుతుంది. ఆ నోటిని ముందు నేలమాళిగలో పెడదాం," అంది.

నక్క మంత్రి పకాలున నవ్వాడు. "పిట్టమ్మా, కొత్తదానివి, తెలియదు పాపం! ఈ మేడలో తొలి మామిడిపండు రాజుగారికే. తొలి వాన పట్టిన కుండ రాజుగారికే. మరి ఆంటెన్నా?"

"ఆంటెన్నా మామిడిపండు కాదు మంత్రిగారూ! రాజుగారి గది డాబా కిందే ఉంది. దాని కప్పు పలుచటి గాజు. చెవి పక్కన నోరు పెడితే, పెట్టె తన కేక తానే విని, మళ్లీ అదే కేక వేస్తుంది."

"ఆచారం ఆచారమే!" అని గర్జించాడు రాజు.

మొదటిసారి సింహాసనం పైన బిగించారు. పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. ఒక్క ఫోనూ మోగలేదు.

రెండోసారి అందరూ డాబా మీది పెట్టె దగ్గరికి చేరారు. నక్క, "బలం చాల్లేదు ప్రభూ!" అంటూ దాని మీటను చివరిదాకా తిప్పేశాడు. అంతే! ఆ హోరులో డాబా మీద వచ్చే కాస్త సిగ్నలు కూడా మునిగిపోయింది.

సరిగ్గా అప్పుడే మరువమ్మ రొప్పుతూ పైకి వచ్చింది. "అయ్యో, ఇక్కడ కూడా పోయిందా? నా బిడ్డకు ఊపిరాడటం లేదు తల్లీ!"

చిత్రచంచు ఒక్క ఉదుటున పెట్టె ఆపేసింది. ఫోను కలిసింది.

"బయల్దేరుతున్నా. ఏరు దాటి రావాలి, ఆలస్యమవుతుంది," అంది కొంగ. "అందాకా నేను చెప్పినట్టు చెయ్యి. వాడి పెదవులు ఏ రంగులో ఉన్నాయి?"

"వాడు కింద ఉన్నాడు డాక్టరుగారూ! కిందికి వెళితే మీరు వినబడరు. ఇక్కడుంటే వాడు కనబడడు!"

పిట్ట రాజు కళ్లలోకి సూటిగా చూసింది. "ప్రభూ, రెండుసార్లు మీ కేక మీరే విన్నారు. మూడోసారి ఆవిడ గొంతు వినండి."

నక్క "ఆచారం..." అనబోయాడు.

"నోర్ముయ్యి!" అన్నాడు రాజు. తీగచుట్టను తానే నోట కరుచుకుని, దారిలో సింహాసనం పైని ఆంటెన్నాను ఊడదీసుకుని మెట్ల మీద కిందికి దూకాడు. మరువమ్మ బిడ్డ దగ్గరికి పరుగెత్తింది. వెనకే పిట్ట, కన్నాలు తొలుస్తూ, తీగ బిగిస్తూ. నేలమాళిగ కప్పుకు ఆంటెన్నా అమరింది. చెవికీ నోటికీ మధ్య మేడలోని రాతికప్పులన్నీ అడ్డు నిలిచాయి. పిట్ట పైకెగిరి మీట తగ్గించి మళ్లీ వేయగానే పెట్టె మీద పచ్చదీపం వెలిగింది.

మరువమ్మ చేతిలో ఫోను మోగింది.

"నిటారుగా కూర్చోబెట్టు. కాస్త ముందుకు వంచు. మందు పీల్పించు. భయపడకు, వింటున్నాను," అంది కొంగ.

బిడ్డ చెయ్యి వదలకుండానే ఆమె అన్నీ చేసింది. కొంగ వచ్చి వాలేసరికి వాడు రాజుగారి మీసం పట్టుకుని లాగుతున్నాడు! రాజు లాగనిచ్చాడు.

ఆ తర్వాత కింది నుంచి పైకి, అంతస్తు అంతస్తుకూ ఆంటెన్నాలు వచ్చాయి. ఆనాటి నుంచి ఆ మేడలో కొత్తది ఏదొచ్చినా ముందు తట్టేది నేలమాళిగ తలుపే.

కథ అయిపోయింది, మీ పని మొదలైంది. లేవండి! ఫోను పట్టుకుని మీ మేడ అట్టడుగు గదిదాకా, వాచ్‌మన్ గదిదాకా నడవండి. సిగ్నల్ గీతలు ఎక్కడ మాయమవుతాయో అక్కడ ఆగండి. తన కేకే తాను వినేవాడికి లోకం వినబడదు; అందుకే ఆ తలుపు తట్టి, అట్టడుగు గొంతు ముందు వినండి.