ముందు ఎవరు పెట్టేయాలి

ఇది హైమవతి నాకు చెప్పిన సంగతి. విని నాలుగేళ్ళయింది. ఆమె ఫోను పట్టుకుని కూర్చున్నది నలభై నిమిషాలని నాకు గుర్తు. ఇరవైకి మించదని ఆమె అంటుంది. నా జ్ఞాపకమే ఆ నిరీక్షణను సాగదీసి ఉండవచ్చు. మాటలు మాత్రం దాదాపు ఇవే.

కర్నూలులో ఒక రక్తనిధికి హైమ వెబ్‌సైటు రాసిపెట్టింది. తలసీమియా పిల్లల తల్లిదండ్రులు అందులో పేరు నమోదు చేస్తే, వాళ్ళు వచ్చే రోజుకు రక్తం సిద్ధంగా ఉంచుతారు. ఆరేళ్ళుగా దానికొక జబ్బు. వారానికోసారి సర్వర్ బిగుసుకుపోయి, కొత్తగా ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు. హైమ దాన్ని ఆపి మళ్ళీ నడిపించేది. తేరుకునేది.

ఒక సోమవారం ఆమె అలా ఆపిన క్షణంలోనే, ఆత్మకూరులో ఒక తండ్రి వివరాలన్నీ నింపి బటన్ నొక్కాడు. నమోదు అయిందనే అనుకుని పాపను తీసుకుని బస్సెక్కాడు. పాప గ్రూపు రక్తం సిద్ధంగా లేదు. పాప రెండు రోజులు వార్డులో నీరసంగా పడుకుని ఎదురుచూసింది.

మూడో రోజు హైమ వెళ్ళి ఆ పాపను చూసింది. ఆ మధ్యాహ్నమే తన గురువు రహమతున్నీసాకు ఫోన్ చేసింది. పాలిటెక్నిక్‌లో తనకు ప్రోగ్రామింగ్ నేర్పిన మనిషి; రిటైరై నంద్యాలలో ఉంటున్నారు.

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చినానా తల్లీ?"

హైమ జరిగిందంతా చెప్పింది. "సర్వర్‌లో ఒకేసారి రెండు వందల మందికి చోటుంది మేడమ్. నిజంగా వాడేది నలభై మంది. కానీ రెండు వందలూ నిండినట్టు చూపిస్తుంది."

"మిగతా నూట అరవై మంది ఎవరు?"

"తెలీదు మేడమ్. లోపల ఉన్నట్టే ఉంటారు. పలకరు. వచ్చే సోమవారం మళ్ళీ బిగుసుకుంటుంది. ఈసారి ఏ పాప వస్తుందో. నా కోడంతా జల్లెడ పట్టాను, అందులో తప్పేం లేదు."

"ఊఁ. ఒక్క నిమిషం ఉండమ్మా."

హైమ ఉంది. కుక్కర్ విజిల్ వినిపించింది. తర్వాత చెప్పుల చప్పుడు, గేటు గొళ్ళెం. ఆ తర్వాత ఏమీ లేదు. "మేడమ్?" అంది. ఫోను చెవి మార్చుకుంది. మధ్యలో రక్తనిధి నుంచి కాల్ వస్తున్నట్టు బీప్ మోగింది. కాసేపటికి మళ్ళీ మోగింది. మేడమ్‌ను పక్కన పెట్టి ఇంకొకరితో మాట్లాడటం మర్యాద కాదనిపించి ఎత్తలేదు.

చివరికి మళ్ళీ గేటు చప్పుడు.

"ఇంకా ఉన్నావా?"

"ఉన్నాను మేడమ్."

"సందు చివరికి పోయి కొత్తిమీర తెచ్చుకున్నా. పెట్టేయకపోయినావా?"

"మీరు పెట్టకముందు నేనెట్లా పెడతాను మేడమ్?"

"ఈలోగా ఎవరన్నా చేసినారా?"

"బ్లడ్ బ్యాంకు వాళ్ళు. రెండుసార్లు."

"ఎత్తినావా?"

హైమ తలెత్తింది. ఎదురుగా తెర మీద ఆమె కోడ్ ఉంది. అవతలివాళ్ళు సెలవు తీసుకునేదాకా కనెక్షన్ తెరిచే ఉంచమని తానే రాసిన వరుస. బస్సులో సిగ్నల్ పోయినవాళ్ళు, ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆరిపోయినవాళ్ళు, ఎవరూ సెలవు తీసుకోలేదు. వాళ్ళకోసం ఎంతసేపు చూడాలో అందులో ఎక్కడా లేదు.

"తప్పు నాదే మేడమ్. సెలవు తీసుకునేదాకా తెరిచే ఉంచమని రాశాను, ఎంతసేపో రాయలేదు," అంది.

"నీ ఒక్కదానిదే కాదులే. ఆ వరుస క్లాసులో బోర్డు మీద మొదట రాసింది నేను. గడువు రాయడం మర్చిపోయినా. నువ్వేమో నా మాట అక్షరం పొల్లు పోనీయవు." ఆమె గొంతు మెత్తబడింది. "పాప ఎట్లుంది?"

"పొద్దున రక్తం ఎక్కించారు. లేచి కూర్చుంది."

"అల్లా చల్లగా చూడాలి. ఇంక నువ్వు పెట్టెయ్ తల్లీ."

"మీరు పెట్టండి మేడమ్."

"నేను పెట్టను."

అవతల మేడమ్ ఊపిరి వినబడుతోంది. హైమ ఫోను చెవి నుంచి తీసి, ఎర్ర గుర్తు మీద బొటనవేలు ఉంచింది.

సర్వర్‌కు ఆమె ఆ సాయంత్రం ముప్పై సెకన్ల గడువు ఇచ్చింది. ఆ ఫోను పెట్టేయడానికి తాను ఎంతసేపు తీసుకుందో కూడా నాకు చెప్పింది. అది ముప్పై సెకన్లు దాటిందో లేదో మాత్రం నేను కావాలనే రాయలేదు.