ఆ పూట ఎవరి ఖాతాలోకి

బిల్డరు గారి పని వకుళకిచ్చారని తెలిసిన క్షణం నుంచీ గిరిధర్‌కి కడుపు రగిలిపోతూనే ఉంది.

తెనాలిలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పని నేర్పడంలో మస్తాన్ మాస్టారు చెయ్యి తిరిగిన మనిషి. ఆయన దగ్గర ముందు చేరింది గిరిధర్. వకుళ నిన్నగాక మొన్న వచ్చింది. అయినా సరే, అన్ని కంపెనీలున్న బిల్డరుకి ప్రాజెక్టులు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, ఏ ప్రాజెక్టు బిల్లు ఏ కంపెనీ పేరున పోవాలో కుదిర్చే పని ఆ పిల్లకే దక్కింది. గిరిధర్ వంతుకు ఒక రైసు మిల్లు.

'ఆ పిల్లకి నేను నేర్పిందే కదా ఇదంతా!' అని ఉడుక్కుంటూ, పొద్దున్నే వచ్చి వకుళ ఎక్కించిందంతా తెరిచి కూర్చున్నాడు. ఒక్క తప్పైనా దొరక్కపోతుందా అని అతని ఆశ. మిల్లు నుంచి ఫోను మోగి మోగి ఆగిపోయింది. మధ్యాహ్నానికి ఒక కంపెనీ అడ్రసులో పిన్‌కోడు లేకపోవడం కనపడింది. లంకెబిందెలు దొరికినంత సంబరపడి, పరుగున వెళ్లి మాస్టారికి చెప్పాడు.

"అవునా? అమ్మాయ్ వకుళా, అదేదో సరిచేసెయ్యి," అన్నారాయన.

"అలాగే మాస్టారూ. థాంక్స్ గిరీ, నేను చూసుకోలేదు," అంది వకుళ, మనస్ఫూర్తిగా. దాంతో గిరిధర్‌కి ఒళ్లు ఇంకా మండింది.

సాయంత్రం బయల్దేరేముందు ఎవరెవరు ఏ ప్రాజెక్టుకి ఎంతసేపు పనిచేశారో ఎక్కించడం ఆ ఆఫీసులో ఆనవాయితీ. గిరిధర్‌కి చెయ్యి ఆడలేదు. పొద్దుటి పని మిల్లు కింద రాస్తే అబద్ధం. బిల్డరు కింద రాస్తే నవ్వులపాలు.

మాస్టారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. కొత్త ప్రాజెక్టు తెరిచి, పేరు దగ్గర ఒక్కో అక్షరమే నిదానంగా కొట్టారు: 'వకుళ తప్పులు వెతకడం'.

గిరిధర్ ముఖం కందిపోయింది. "అది తీసెయ్యండి మాస్టారూ. ఆ అమ్మాయి చూస్తుంది."

"బస్సు టైమైందని వెళ్లిపోయిందిలే." ఆయన కర్సరు కింది గడిలోకి దింపారు. "బిల్లు ఎవరి పేరున వేద్దాం?"

"బిల్డరుకి..."

"ఆయన నిన్ను అడిగాడా, పాపం?"

"పోనీ వకుళకి..."

"ఆ అమ్మాయి అడిగిందా?"

మాస్టారు కీబోర్డు అతని వైపు జరిపి, లేచారు.

"పేరు వెయ్యకపోతే సేవ్ అవ్వదు నాయనా."

బిల్లు గడిలో గిరిధర్ తన పేరే కొట్టాడు.