అద్దకంవీధి అడ్డుకట్ట

మల్లెకోట రాజు రంగభూపతిగారికి శత్రురాజులంటే లెక్కలేదు. ఆయన్ని గడగడలాడించేది ఆయన ముక్కు ఒక్కటే. కాస్త దుర్వాసన తగిలితే చాలు, కొలువు చాలించి లేచిపోయేవారు.

ఒక సాయంత్రం మేడమీద చల్లగాలికి కూర్చున్నారో లేదో, కిందినుంచి గుప్పుమని కంపు కొట్టింది. రాజుగారు ఉత్తరీయంతో ముక్కు మూసుకుని కేకేశారు.

"ఈ కంపుకు కారణమైనవాళ్లు ఎవరైనా సరే, నా ఊళ్లో ఉండటానికి వీల్లేదు!"

నగరాధికారి ముమ్మడయ్య ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు ముందుకొచ్చాడు. కోటగుట్టమీంచి దిగే కాలువ ముమ్మడయ్య మేడ పక్కగా పారి అద్దకంవీధిలోకి వెళ్తుంది. ఆ వీధి లేచిపోతే ఆ జాగా తన పెరట్లో కలుపుకోవాలని ఆయన ఆశ.

"ఇంకెవరు ప్రభూ, ఆ అద్దకంవాళ్లే! ఎర్రనీళ్లూ నీలినీళ్లూ కుమ్మరించి కాలువంతా కుళ్లబెట్టారు. వీధి ఖాళీ చేయిస్తే పీడ విరగడైపోతుంది."

పక్కనే తాంబూలం చుడుతున్న పరిచారిక పేరిందేవి చెయ్యి ఆగిపోయింది. ఆమె పుట్టింది ఆ వీధిలోనే. అక్క నాచమ్మ ఇప్పటికీ అక్కడే బట్టలకు రంగులద్దుకుని బతుకుతోంది. వీధి పోతే అక్క గతేమిటి?

అద్దకంవాళ్లు రంగునీళ్లు కాలువలో పోసే మాట నిజమే. కానీ కంపు కొట్టేది రంగు కాదు. కోటలో విందు జరిగిన ప్రతిసారీ ఎంగిలి విస్తళ్లు ఎటు పోతున్నాయో పేరిందేవి కళ్లారా చూస్తూనే ఉంది. అయితే రాజుగారి విస్తరాకే కంపు కొడుతోందని రాజుగారి మొహంమీద చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

"ముమ్మడయ్యగారు చెప్పింది నిజమే అయ్యుంటుంది ప్రభూ," అంది తాంబూలం అందిస్తూ. "మావాళ్ల కుళ్లు మావాళ్ల దగ్గరే ఉండాలి. వీధి మొదట్లో కాలువకు అడ్డుకట్ట వేయించండి. కట్టకు ఏ పక్క కుళ్లు పేరుకుంటే ఆ పక్కవాళ్లను ఊరినుంచి వెళ్లగొట్టండి."

"భేషైన మాట!" అన్నాడు ముమ్మడయ్య, ఎగిరి గంతేసినంత పని చేసి. "కట్ట నేనే దగ్గరుండి కట్టిస్తాను!"

"అలాగే కానివ్వండి. అదే నా తీర్పు," అన్నారు రాజుగారు ముక్కు వదలకుండా.

ముమ్మడయ్య అన్నంత పనీ చేశాడు. రాయీ సున్నమూ వేయించి, చుక్కనీరు దిగకుండా కట్ట లేపించాడు. అంత శ్రద్ధగా ఆయన ఏ పనీ చేసి ఎరగడు.

ఈ సంగతి తెలిసి నాచమ్మ చెల్లెలిమీద విరుచుకుపడింది.

"ఏమే, కోటలో నెయ్యన్నం తిని పుట్టిల్లు మరిచిపోయావా? కాలువ ఆపేస్తే బట్టలు దేంతో ఉతకాలే?"

"కాస్త ఓపిక పట్టక్కా. అందాకా బావినీళ్లు తోడుకోండి. మీ రంగునీళ్లు మాత్రం కాలువలో పొయ్యకండి, నీకు దండం పెడతాను."

ఇంతలో రాజుగారి పుట్టినరోజు వచ్చింది. ఊరు ఊరంతా కోటలో కడుపునిండా తిన్నది. వంటవాళ్లు ఎప్పట్లాగే విస్తళ్లూ పూలదండలూ బుట్టలకెత్తి కాలువలో దబ్బున పడేశారు. అవన్నీ వయ్యారంగా తేలుతూ వచ్చి కట్ట దగ్గర ఆగి, రెండు రోజుల్లో కుళ్లాయి. వెనక వచ్చే నీళ్లు దారిలేక ముమ్మడయ్య పెరట్లోకి తిరిగాయి.

ముమ్మడయ్య పంచె పైకెగదోపి, భుజానికి అతుక్కున్న అరిటాకు ముక్కతోనే కొలువులోకి పరిగెత్తుకొచ్చాడు.

"ప్రభూ, అన్యాయం! అద్దకంవాళ్లు వాళ్ల కుళ్లంతా నా పెరట్లోకి తోసేశారు!"

రాజుగారు ముక్కు మూసుకుని కట్ట దగ్గరికి బయలుదేరారు. కట్టకు దిగువన, అద్దకంవీధి వైపు, కాలువలో ఒట్టి ఇసుక ఉంది. ఎగువన విస్తళ్లు గుట్టలుగా పడి, ఈగలు ముసురుతున్నాయి.

"చూశారా ప్రభూ, వాళ్లు విసిరేసిన ఆకులు!" అన్నాడు ముమ్మడయ్య.

పేరిందేవి చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"అద్దకంవీధిలో రోజూ బూరెలూ పులిహోరా వడ్డించే ఆ ఇల్లేదో చూపించండి ముమ్మడయ్యగారూ, పుట్టింటికి వెళ్లినప్పుడు నేనూ అక్కడే భోంచేస్తాను!"

వెనక భటులు నవ్వు ఆపుకోలేక దగ్గారు. రాజుగారు మాత్రం నవ్వలేదు. ఆ గుట్టమీద తన మెడలో వేసిన పుట్టినరోజు దండ, జరీ పోగులతో సహా, కుళ్లుతూ కనిపించింది. ఆయన మొహం చిన్నబోయింది.

"నా తీర్పు ప్రకారం ముమ్మడయ్యతోపాటు నేనూ ఊరొదిలి వెళ్లాలన్నమాట."

పేరిందేవి వెంటనే అందుకుంది.

"తమరెందుకు ప్రభూ వెళ్లడం? తమ విస్తళ్లు కాలువలోకి వెళ్లకపోతే చాలు!"

రాజుగారు పకపకా నవ్వారు. నవ్వులో ముక్కు వదిలేశారు. కంపు తగిలి ఉక్కిరిబిక్కిరయ్యారు, మళ్లీ నవ్వారు.

"ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు!"

"ఈ కట్ట తీయించి, కోట వెనక గొయ్యి తవ్వించండి ప్రభూ. విస్తళ్లు అందులో మాగి చేలకు ఎరువవుతాయి. మావాళ్లూ రంగునీళ్లకు వేరే గుంట తవ్వుకుంటారు. తప్పు మా పక్కా ఉంది."

"అందరూ కలిసి తవ్వండి! ముమ్మడయ్యా, కట్ట దగ్గరుండి కట్టించావుగా, గొయ్యీ దగ్గరుండి తవ్వించు!"

నాచమ్మ ఓ పార తెచ్చి ముమ్మడయ్య చేతిలో పెట్టింది.

"దగ్గరుంటే ఎట్టాగయ్యా? తమరూ ఓ చెయ్యి వెయ్యండి!"

కాలువగట్టు ఘొల్లుమంది. రాజుగారు కళ్లనీళ్లు తుడుచుకుంటూ, తన ముత్యాలహారం తీసి పేరిందేవి మెడలో వేశారు.