శివారు తెర

ఉద్దండపురాన్నేలే రాజుగారికి చెమటంటే పడదు. అందుకని చల్లటి లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, అక్కణ్ణుంచి కోట గుమ్మం దాకా పొడుగాటి కేబులు లాగించి, గుమ్మంలో పెట్టించిన రెండో తెరమీద జనానికి దర్శనమిచ్చేవాడు.

ఓ పూట నూకాలు అనే రైతు వంతు వచ్చింది. కాలువ చిట్టచివర, శివారులో ఉన్న ఆమె చేను నిలువునా ఎండిపోతోంది.

"నీళ్ళు అందడంలేదు మహాప్రభో!"

"తూము దగ్గర నిండుగా వదిలాం. నీ చేనే పనికిమాలింది, పో!" అన్నాడు రాజు. అంతలో ఆయన మొహం మినుకుమినుకుమని, తెర కాస్తా నల్లబడిపోయింది.

భటులు సంగతి చెప్పగానే రాజు రుసరుసలాడుతూ గుమ్మంలోకి వచ్చాడు. "నా దగ్గర బొమ్మ భేషుగ్గా ఉంది. ఈ తెరే పనికిమాలింది, పగలగొట్టండి!"

"ఆగండి బాబూ," అంది నూకాలు. "ముందు దీన్ని మీ గదిలోకి మోయించి, మూరెడు కేబులుతో తగిలించి చూడండి."

మోయించారు. నూకాలూ వెంట వెళ్ళింది. తగిలించగానే రాజుగారి మొహం మీసాలతో సహా నిగనిగలాడుతూ ప్రత్యక్షమైంది.

"తెర బంగారంలా ఉందే!" అని నొచ్చుకున్నాడు రాజు. "ఇక్కడ నిండుగా బయల్దేరిన బొమ్మ అంత పొడుగు దారిలో ఎక్కడో ఇంకిపోయిందన్నమాట. పాపం, చివరనున్న దాన్ని ఊరికే తిట్టాను."

నూకాలు చేతులు జోడించింది. "మా చేను దగ్గరికొచ్చి, అదే మాట దానికీ చెప్పండి బాబూ. గొడుగు నేను పడతాను."

ఆ చల్లటి గదిలోనే రాజుగారికి చెమటలు పట్టాయి.