తిప్పమ్మ రొట్టెల సద్దు

రండమ్మా, రండి. దగ్గరికి జరగండి. ఆ మూలనున్న తాతా, నువ్వూ ఇట్లా రా. పిల్లలూ, ముందర కూర్చోండి. ముందు మల్లన్నకు ఒక దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? సరే, వినండి.

మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్లు రాని కాలం. మల్లన్న కొండకు జనం అడవిలో నడిచే పోయే కాలం. ఆ తోవలో తంగెడుపెంట అని ఒక చిన్న ఊరు. ఊరి చివరింట్లో తిప్పమ్మ అని ఒక ఒంటరి మనిషి. ఆమెకు ఉన్నవి మూడే. ఒక పొయ్యి, ఒక పెనం, ఒక రొట్టెల పీట.

తిప్పమ్మకు చెముడు. పిడుగు పడితే గాని వినపడదు. అందుకే రొట్టె మెల్లగా తట్టడం ఆమెకు చేతకాదు. తన చేతి సద్దు తనకు వినపడాలని గట్టిగా తట్టేది. టప్ టప్ టపా! వేడినీళ్లు పోసి జొన్నపిండి పిసికి, ముద్దను పీట మీద పెట్టి తట్టిందంటే ఊరి అవతల బావి దాకా వినపడేది. రొట్టె పెనం మీద పొంగి కమ్మటి వాసన లేస్తే ఆమె ముఖం వెలిగిపోయేది. "మా అమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుంది" అనేది. తొలి రొట్టె తోవన పోయే యాత్రికుడికి. మలి రొట్టె తనకు.

పక్కింటి ఓబులమ్మకు ఆ సద్దంటే ఒళ్లుమంట.

పొద్దున, "ఏం వదినా, రొట్టె చేస్తాండావా, దండోరా వేస్తాండావా?"

మధ్యాహ్నం, "పీట విరిగితే మా ఇంటికి రావద్దు, చెబుతాండా!"

సాయంత్రం, "కొండ మీద మల్లన్న ఉలిక్కిపడి లేస్తాడు తల్లీ!"

తిప్పమ్మకు సగమే వినపడేది. నవ్వి, గోడ మీదుగా ఒక రొట్టె అందించేది. ఓబులమ్మ గొణుక్కుంటూనే తినేది. తినదూ మరి? ఆ రొట్టె అట్లాంటిది.

ఒక ఏడు ఉగాది ముందర అడవి అంటుకుంది. పొగ కమ్ముకుంది. చాచిన చెయ్యి కనపడదు. ఆ పొద్దునే ఓబులమ్మ మొగుడు పీరయ్య పన్నెండు మంది యాత్రికులను వెంటబెట్టుకొని వస్తూ పొగలో చిక్కుకున్నాడు. తోవ పక్కనే లోయ. ఒక్క అడుగు తప్పితే అంతే.

ఊళ్లో మగవాళ్లంతా మృగాలు ఊరి మీద పడకుండా అడవి చుట్టూ నిలబడి డప్పులు కొడుతున్నారు. నాలుగు దిక్కులా డప్పులే. ఏ డప్పు ఊరి వైపుదో, ఏ డప్పు మంట వైపుదో లోపలున్న వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

ఓబులమ్మ పరుగెత్తుకొచ్చి తిప్పమ్మ చెవిలో అరిచింది. "వదినా, మా ఆయన పొగలో ఉండాడు! డప్పులు విని యా దిక్కుకు పోతాడో!"

తిప్పమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అడవిలో ఎవరూ రొట్టెలు తట్టరు గదా వదినా" అంది.

పీట తెచ్చి గడపలో వేసింది. దాచుకున్న పిండంతా దించింది. టప్ టప్ టపా! ఓబులమ్మ కాలుస్తుంటే ఒక జాము తట్టింది. బుట్ట నిండింది.

"ఎవరన్నా పలికినారా వదినా?"

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. "పిండి అయిపాయె వదినా!"

"చెయ్యి అయిపోలేదు గదా."

ఉత్త పీట మీద తట్టింది. టప్ టప్ టపా! రెండో జాము. అరచేతులు వాచాయి.

"ఎవరన్నా పలికినారా వదినా?"

లేదు.

మూడో జాము. అరచేయి చిట్లింది. పీట ఎర్రబడింది.

"ఎవరన్నా పలికినారా వదినా?"

ఈసారి ఓబులమ్మ తల ఊపలేదు. ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్లు ఏ సద్దునైతే తిట్టిందో ఆ సద్దే తన చేత్తో చేసింది. నాలుగు చేతులు. టప్ టప్ టపా!

అప్పుడు పొగలోంచి సన్నగా వచ్చింది. "హర హరా!"

ఓబులమ్మ తిప్పమ్మ భుజాలు పట్టుకొని ఊపేసింది. తిప్పమ్మ చెయ్యి ఆపలేదు. "అందరూ వచ్చినారా? ఎంచు వదినా."

పన్నెండు మంది వచ్చారు. వెనక పీరయ్య, మసి పట్టిన ముఖంతో.

"డప్పులు నాలుగు దిక్కులా మోగినాయి" అన్నాడు. "రొట్టె సద్దు ఒక్క దిక్కునుంచే వచ్చె. నువ్వు రోజూ తిట్టే సద్దేనే, ఓబులూ!"

ఆ పూట అందరూ చల్లారిన రొట్టెలే తిన్నారు. అంత రుచి మళ్లీ ఎన్నడూ ఎరగమన్నారు.

ఏళ్లు గడిచాయి. తిప్పమ్మ మల్లన్న దగ్గరికి పోయింది. మర్నాడు పొద్దున ఊరంతా నిశ్శబ్దం. ఏ ఇల్లాలికీ పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. అప్పుడు ముసలి ఓబులమ్మ ఆ పాత పీట తన గడపలో వేసుకొని, ఉత్త చేత్తో మూడుసార్లు తట్టింది. ఆ తర్వాతే ఊళ్లో పొగ లేచింది.

ఇప్పటికీ తంగెడుపెంట ఆడవాళ్లు పిండి తాకక ముందు ఉత్త పీటను మూడుసార్లు తడతారు. "ఎవరన్నా పలికినారా?" అని వాకిలి వైపు చూస్తారు. తొలి రొట్టె పక్కన పెడతారు.

మీరూ ఇంటికి పోయి ఆ ఒక్క పని చెయ్యండి. తట్టండి, వాకిలి చూడండి, తొలి రొట్టె వచ్చేవాళ్లకు ఉంచండి. ఏదీ, మరిచిపోకుండా ఇప్పుడే ఒకసారి. అరచేతులు నేల మీద పెట్టండి.

టప్ టప్ టపా!

అంత మెల్లగానా? ఇంకా గట్టిగా తట్టండమ్మా. తిప్పమ్మకు వినపడాల.